చెరిపేసినా మరుపు రాని నంబరు: ‘లా బచాటా’లో కలిసిన రెండు లయలు

ఆమె నంబరును ఫోనులోంచి చెరిపేశాడు. ఎందుకు చెరిపాడో అతనికే తెలియదు, అంకెలన్నీ నోటికి వచ్చు కదా! ఇన్‌స్టాగ్రామ్‌లో ఆమెను బ్లాక్ చేశాడు. మరో ఖాతాలోంచి ఆమె స్టోరీలు చూస్తూనే ఉన్నాడు. ఒకప్పుడు ఆమె ముద్దు పెట్టిన వీధుల్లోనే కారు నడుపుతున్నాడు. తనకు అంకితమని ఆమె వినిపించిన పాటలనే మళ్లీ పెట్టుకుని వింటున్నాడు. తిరిగి రమ్మని చెప్పాలని ఉంది. కానీ అది అడిగి తెచ్చుకునేది కాదని కూడా తెలుసు. అందుకే ఆమెను అడగడం మాని, తనను కాపాడమని దేవుణ్ని అడుగుతున్నాడు.

2022 మే నెలలో వచ్చిన ‘లా బచాటా’ పాటలో కథ ఇంతే. పాడినది కొలంబియాకు చెందిన మాన్యుయెల్ తురీసో. అప్పటికి అతనికి ఇరవై రెండేళ్లు. పాట పట్టుమని మూడు నిమిషాలు కూడా ఉండదు. స్పాటిఫైలో మాత్రం దాన్ని విన్న లెక్క వంద కోట్లు దాటింది. ఆ మరుసటి ఏడాది వచ్చిన అతని ఆల్బమ్‌లో ఇది చేరింది. ఆ ఆల్బమ్ పేరు ‘2000’, అది అతను పుట్టిన సంవత్సరం.

లాటిన్ పాప్‌లో పెద్ద హిట్లకు కొదవ లేదు. ఈ పాట దగ్గర ఆగవలసిన కారణం వేరే ఉంది. రెగెటోన్ అనే లాటిన్ నాట్య సంగీతపు పాటలతో పేరు తెచ్చుకున్న కుర్రవాడు కరీబియన్ దేశమైన డొమినికన్ రిపబ్లిక్ వారి గిటారు సంగీతం బచాటాను అందుకుని, దాన్నే పాటకు పేరుగా పెట్టాడు. పేరు బచాటా, చెవికి తగిలే ధ్వని మాత్రం నేటి రెగెటోన్ స్టూడియోలది. ఈ రెండింటినీ కలిపిన అతుకు ఎక్కడుందో వెతకాలంటే ముందు రెండు లయల నడకనూ విడివిడిగా వినాలి.

సంప్రదాయ బచాటా బృందంలో ఐదు వాద్యాలు ఉంటాయి. పాటను నడిపించే గిటారును రెకింతో అంటారు. దానికి తోడుగా రెండో గిటారు, బేస్, బొంగో డప్పుల జత, గ్విరా. ఈ గ్విరా ఒక లోహపు గొట్టం. ఒళ్లంతా గరుకుగా ఉంటుంది. దాన్ని ఇనుప పుల్లలతో గీస్తారు. వంటింట్లో కొబ్బరి తురుముతుంటే వచ్చే సరసర శబ్దాన్ని తాళానికి కట్టినట్టు ఉంటుంది. తాళం నాలుగు లెక్కల ఆవృత్తం. మూడు లెక్కలు సాఫీగా సాగి, నాలుగో లెక్క మీద బొంగో బరువుగా పడుతుంది. నాట్యమూ అంతే. మూడు అడుగులు పక్కకు వేసి, నాలుగో లెక్కకు పాదాన్ని నేలకు తాకించి నడుము విదిలిస్తారు. ఇక రెకింతో వాయించే కళాకారుడు తీగలన్నిటినీ కలిపి మీటడు. ఒక్కొక్క స్వరాన్నీ విడదీసి గొలుసులా పేర్చుకుంటూ పోతాడు. గాయకుడు ఊపిరి తీసుకోవడానికి ఆగిన చోట, మన కచేరీల్లో గాత్రం ఆగగానే వయొలిన్ అందుకున్నట్టు, రెకింతో అందుకుని బదులు చెబుతుంది. బచాటాలోని ఏడుపు సగం ఆ బదుల్లోనే ఉంటుంది.

రెగెటోన్ మరోలా నడుస్తుంది. దాని వెన్నెముక డెంబో అనే లయ. ఎనిమిది మాత్రలను ‘తకిట తకిట తక’ అని మూడు, మూడు, రెండుగా విరిచి పలికితే డెంబో చేతికి చిక్కుతుంది. మొదటి తకిట మొదలయ్యే చోట కిక్ డ్రమ్ ‘బూమ్’ అంటుంది. రెండో తకిట మొదట్లోనూ, చివరి ‘తక’ మొదట్లోనూ స్నేర్ డ్రమ్ చురుక్కుమంటుంది. మధ్యలో, సరిగ్గా అయిదో మాత్ర మీద, అంటే రెండో తకిటలోని ‘కి’ మీద, కిక్ మళ్లీ పడుతుంది. కలిపి వింటే ‘బూమ్, చ, బూమ్, చక్’. కిక్ డ్రమ్ సమంగా నడుస్తుంటే స్నేర్ వంకరగా నడుస్తుంది. శరీరాన్ని ఈ రెండూ చెరోవైపు లాగుతాయి. రెగెటోన్ విన్నవారు కూర్చున్న చోట కూడా కదలకుండా ఉండలేకపోవడానికి కారణం ఈ లాగులాటే. వేగంలోనూ తేడా ఉంది. రెగెటోన్ సాధారణంగా నిమిషానికి తొంభై, వంద లెక్కల దగ్గర తిరుగుతుంది. బచాటా నూట ఇరవై దాటి పోతుంది.

ఇలా వేర్వేరుగా నడిచే రెండు లయలు ఒక పాటలో ఎలా ఇమిడాయి? లెక్కలతోనే దీనికి సమాధానం దొరకదు. ఈ రెండు సంగీతాలూ ఒకే రకమైన అవమానాన్ని దాటుకుని వచ్చాయి. అదీ చూడాలి.

డొమినికన్ రిపబ్లిక్‌ను 1930 నుంచి ముప్ఫై ఏళ్లకు పైగా రఫాయెల్ ట్రుహియో అనే నియంత గుప్పిట్లో పెట్టుకున్నాడు. ఆయనకు మెరెంగే సంగీతం ఇష్టం. రాజ్యం అండ దానికే దక్కింది. 1961 మేలో ఆయన హత్యకు గురయ్యాడు. ఏడాది తిరిగేసరికి, 1962లో, హోసే మాన్యుయెల్ కల్దెరోన్ పాడిన పాటలు రికార్డయ్యాయి. తొలి బచాటా రికార్డులుగా చెప్పుకునేవి అవే. అయినా బచాటాకు గౌరవం దక్కలేదు. పల్లెలు వదిలి రాజధాని అంచుల్లోని పేటలకు చేరిన వాళ్లు సారా దుకాణాల్లో, పెరటి విందుల్లో వినే పాటగానే అది మిగిలింది. అసలు బచాటా అనే మాటకు మొదటి అర్థం అలాంటి పెరటి విందే. ఆ పాటలకు ‘అమర్గె’ అని మరో పేరు ఉండేది. అంటే చేదు. పెద్దమనుషుల ఇళ్లలో, పెద్ద రేడియో స్టేషన్లలో దానికి చోటు లేదు. రదామెస్ అరసెనా నడిపిన రేడియో గ్వరచీత లాంటి ఒకటి రెండు స్టేషన్లే దాన్ని బతికించాయి. 1990లో డొమినికన్ గాయకుడు హువాన్ లూయిస్ గెర్రా తన ఆల్బమ్‌తో బచాటాకు కొత్త బట్టలు తొడిగి, గ్రామీ పురస్కారం దాకా తీసుకువెళ్లాకే పెద్దిళ్ల తలుపులు తెరుచుకున్నాయి. 2019లో యునెస్కో దాన్ని మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

రెగెటోన్ కథ కూడా ఇలాంటిదే. జమైకా డ్యాన్స్‌హాల్ లయలు పనామాలో స్పానిష్ మాటలు నేర్చుకున్నాయి. న్యూయార్క్ మీదుగా ప్యూర్టో రికో చేరాయి. 1990లో జమైకా గాయకుడు షబ్బా ర్యాంక్స్ పాడిన ‘డెమ్ బో’ పాట నుంచే లయకు ఆ పేరు వచ్చింది. 1990లలో ప్యూర్టో రికో రాజధాని శాన్ హువాన్ పేటల్లో ఈ సంగీతం క్యాసెట్ల మీద చేతులు మారేది. 1995లో పోలీసులు దుకాణాల మీద పడి ఆ క్యాసెట్లను పట్టుకుపోయారు. 2002లో సెనేటర్ వెల్దా గొన్సాలెస్ రెగెటోన్ వీడియోల అసభ్యతపై విచారణలు జరిపించారు. రెండేళ్ల తర్వాత డాడీ యాంకీ ‘గసోలీనా’ ప్రపంచమంతా మోగింది. పోలీసులు దోచుకుపోయిన లయే ఆ దీవి ఎగుమతి చేసే సరుకైంది!

ఈ రెండు పాయలను కలిపినవారు వలస వెళ్లిన డొమినికన్లు. న్యూయార్క్‌లోని బ్రాంక్స్, వాషింగ్టన్ హైట్స్ పేటల్లో ఒకే వీధిలో ఒక కిటికీలోంచి బచాటా, పక్క కిటికీలోంచి ర్యాప్ వినిపించేది. ఆ బ్రాంక్స్ కుర్రాళ్లే అవెంచురా బృందం. వారి ‘ఒబ్సెసియోన్’ 2000ల తొలినాళ్లలో ఇటలీ, ఫ్రాన్స్ దేశాల్లో మొదటి స్థానానికి ఎక్కింది. అదే కాలంలో లూనీ ట్యూన్స్ అనే జంట రెగెటోన్ నిర్మాణంలో తిరుగులేని పేరు తెచ్చుకుంది. ఫ్రాన్సిస్కో సల్దాన్యా, విక్టర్ కబ్రేరా ఇద్దరూ డొమినికన్ రిపబ్లిక్‌లో పుట్టి అమెరికాలోని మసాచుసెట్స్‌లో పెరిగినవారు. ఇంట్లో విన్న బచాటా గిటారును వారు డెంబో మీద ఎక్కించారు. ప్యూర్టో రికో గాయకుడు తేగో కల్దెరోన్ ‘పా కె రెతోసెన్’లో ఆ గిటారు స్పష్టంగా వినపడుతుంది. కొద్ది కాలానికే ఈ కలయికకు బచటోన్ అని పేరు కూడా పడింది.

2005లో రెగెటోన్ గాయకుడు డాన్ ఒమర్, అవెంచురా కలిసి చేసిన ‘ఎయా ఇ యో’ ఈ దారిలో మైలురాయి. అది పాట రూపంలోని చిన్న నాటకం. ఒక స్నేహితుడు తాను పెళ్లయిన స్త్రీని ప్రేమిస్తున్నానని రెండో స్నేహితుడికి చెప్పుకుంటాడు. ప్రేమ కోసం పోరాడమని రెండోవాడు ధైర్యం చెబుతాడు. చివరికి తెలుస్తుంది, ఆ స్త్రీ ధైర్యం చెప్పినవాడి భార్యే. నేరం చేసినవాడిది డాన్ ఒమర్ బొంగురు రెగెటోన్ గొంతు, మోసపోయినవాడిది అవెంచురా గాయకుడు రోమియో సాంటోస్ సన్నని బచాటా గొంతు. ఎవరి బాధ ఏ సంగీతంలో పలకాలో ఆ పాటకు బాగా తెలుసు. అందుకే ఇరవై ఏళ్లయినా పాతబడలేదు. 2021లో అవెంచురా, ప్యూర్టో రికో గాయకుడు బ్యాడ్ బన్నీ కలిసి ‘వోల్వీ’ చేశారు. 2022లో బ్యాడ్ బన్నీ ‘తితీ మె ప్రెగుంతో’ మొదట్లోనే ఆంటొనీ సాంటోస్ పాత బచాటా గిటారు పలికింది. ‘లా బచాటా’ వచ్చేనాటికి నేల ఇలా దున్ని సిద్ధంగా ఉంది.

అయితే తురీసో పాట అదే దారిలో పోలేదు. బచటోన్ రోజుల్లో జరిగింది రెగెటోన్ ఇంటికి బచాటా గిటారును అతిథిగా పిలవడం. లయ డెంబోదే, వేగం డెంబోదే, గిటారు పైపూత. ఇక్కడ పని తలకిందులైంది. నడక బచాటాది. గ్విరా సరసర ఉంది, నాలుగో లెక్క బరువు ఉంది, రెకింతో గొలుసు ఉంది. ‘తకిట తకిట తక’ కోసం వెతికితే పైకి దొరకదు. మరి రెగెటోన్ ఎక్కడుంది అంటే, గొంతులో ఉంది, పాట కొలతలో ఉంది, ధ్వనిని శుభ్రపరచిన తీరులో ఉంది.

ముందు గొంతు సంగతి. బచాటా గాయకుడంటే అరవై ఏళ్లుగా సన్నని, పై స్థాయి గొంతే గుర్తు. పాడుతూ పాడుతూ గొంతు జీరబోవాలి, ఏడుపు అంచుకు వెళ్లి ఆగాలి. రోమియో సాంటోస్ ఆ సంప్రదాయానికి నేటి శిఖరం. తురీసోది అందుకు పూర్తిగా విరుద్ధమైన గొంతు, లోతైనది, మంద్రంగా పలికేది. పద్దెనిమిదేళ్లు నిండక ముందే ‘ఉనా లేడీ కోమో తూ’తో అతను జనానికి గుర్తుండిపోవడానికి కారణం ఆ గొంతే. ఆ వయసుకు తగని బరువు అందులో ఉంటుంది. ‘లా బచాటా’ చరణంలో అతను ఏడవడు, గొంతు పెంచడు. పక్క సీట్లో ఉన్న మనిషికి చెబుతున్నట్టు, మైకుకు దగ్గరగా, మాటకు పాటకు మధ్య ఎక్కడో నిలబడి చెబుతాడు. వాక్యాలు పొట్టివి. ప్రాస చివర తట్టి వదిలేస్తుంది. ఈ పద్ధతి రెగెటోన్ గాయకులు ర్యాప్ నుంచి నేర్చుకున్నది. ఏడవవలసిన చోట ఏడవకపోవడం వల్ల, ఆ పని మొత్తం గిటారు మీద పడుతుంది. గాయకుడు అణచుకున్నదాన్ని రెకింతో బయటపెడుతుంది. ఈ పాట చేసిన అసలైన పని ఇదే. దీని విజయాన్ని చెవిని పట్టుకునే బాణీకి, మంచి వీడియోకు అప్పజెప్పేవాళ్లు ఈ సంగతిని వదిలేస్తున్నారు.

కొలత సంగతి చిన్నది. పాత బచాటాలో పాట మధ్య గిటారు విజృంభించే భాగం ఒకటి ఉంటుంది. దాన్ని మాంబో అంటారు. నర్తకులు ఎదురుచూసేది దాని కోసమే. మూడు నిమిషాల లోపు ముగిసే నేటి పాటలో దానికి పెద్దగా చోటు లేదు. గిటారు ఒక చిన్న పలుకును పట్టుకుని తిప్పుతూ ఉంటుంది. పాత బచాటా ప్రియులకు ఇది లోటే, ఆ ఫిర్యాదులో న్యాయం ఉంది.

ఇక మాటలు. పాత బచాటాలో ప్రేమ విఫలమైన మగవాడు సారా దుకాణానికి వెళ్తాడు, తాగుతాడు, తనను విడిచి వెళ్లిన స్త్రీని నలుగురిలో తిడతాడు. రెగెటోన్‌లో మగవాడు తన గొప్పలు చెప్పుకుంటాడు, ఒకరు పోతే మరొకరంటాడు. ‘లా బచాటా’లో ఈ రెండూ లేవు. సారా దుకాణం స్థానంలో అద్దాలు మూసిన కారు వచ్చింది. నలుగురు లేరు, అతనొక్కడే. తిట్టు స్థానంలో ఫోన్ వచ్చింది.

ఆ నంబరు మాట దగ్గర ఇంకాస్త ఆగాలి. నేడు ఎవరి నంబరూ ఎవరికీ నోటికి రాదు, ఫోనే గుర్తు పెట్టుకుంటుంది. అలాంటి కాలంలో ఒకరి అంకెలు నోటికి రావడం ఎంత దగ్గరితనం! చెరిపేయడానికి ఒక్క వేలు చాలు. కానీ చెరిగింది ఫోనులోనే. ఆ సంగతి అతనికి చెరిపేశాకే తెలిసివస్తుంది. ఇంత పాత విరహాన్ని ఇంత కొత్త వస్తువుతో, ఒక్క ఉపమానం కూడా వాడకుండా చెప్పడం తేలిక కాదు. దొంగచాటుగా మరో ఖాతాలోంచి చూడడం కూడా అంతే. అందులో కొంత సిగ్గు ఉంది, అతను ఆ సిగ్గును దాచడు. గొప్పలు పోయే రెగెటోన్ మగవాడి నోట ఈ ఒప్పుకోలు రాదు. బచాటా నడక కింద ఉంది కాబట్టే వచ్చింది. అదే సమయంలో, ఇన్‌స్టాగ్రామ్ గురించి ఇంత మామూలుగా మాట్లాడటం రెగెటోన్ అలవాటు చేసిన భాషే.

ఒక కొలంబియన్ బచాటాను ఇలా పేరు పెట్టి మరీ సొంతం చేసుకోవచ్చునా అన్న ప్రశ్న సహజం. తురీసో ఊరు మోంతేరియా. ఆ ప్రాంతపు సొంత సంగీతం పోరో, వయెనాతో. బచాటా అక్కడ పుట్టలేదు. స్పెయిన్ గాయని రోసలియా 2021లో ‘లా ఫామా’తో బచాటాను తాకింది. తురీసో పాట వచ్చిన ఏడాదే అక్టోబరులో కొలంబియా గాయని షకీరా ‘మొనొతొనీయా’తో వచ్చింది. ప్రపంచం బచాటా అని వింటున్న పాటల్లో చాలావాటికి ముఖచిత్రం మీద డొమినికన్ ముఖం లేదు. దశాబ్దాల పాటు అవమానాలు పడిన వాద్యకారుల బిడ్డలకు ఇది మింగుడుపడకపోతే తప్పు పట్టలేం. తురీసో వైపు నుంచి చెప్పవలసింది ఒకటి ఉంది. అతను ఆ పేరును దాచలేదు, పాట నుదుటి మీదే రాశాడు. మొదటిసారి విన్న పిల్లవాడు వెతికితే మొదట దొరికే మాట బచాటాయే. పేరు చెప్పకుండా గిటారు ఒక్కటే ఎత్తుకుపోయిన పాటల కంటే ఇది నయం. కానీ పేరు చెప్పడంతో బాకీ తీరిపోదు.

బాకీ అనే మాట ఇక్కడ అలంకారానికి వాడింది కాదు. డెంబోకు పునాది వేసినవారిలో జమైకా జంట స్టీలీ, క్లీవీలు ముఖ్యులు. 1989 నాటి తమ వాద్య సంగీతంలోని లయే రెగెటోన్ అంతటా వాడుకలో ఉందంటూ 2021లో అమెరికా న్యాయస్థానంలో దావా పడింది. స్టీలీ అప్పటికే కన్నుమూశారు, ఆయన వారసులు పోరాడుతున్నారు. ఆ దావా పెరిగి పెరిగి వెయ్యికి పైగా పాటలను చుట్టుకుంది. 2024లో దాన్ని ఆదిలోనే కొట్టేయడానికి న్యాయమూర్తి ఒప్పుకోలేదు. ఒక లయ ఎవరి సొత్తు అన్న ప్రశ్నకు చట్టం దగ్గర తేలికైన జవాబు లేదు. తాళానికి హక్కుదారు ఉంటే రేపు ఎవరూ ఏ తాళమూ వాయించలేరన్న భయం నిజమైనదే. ఆ తాళం వేల కోట్లు సంపాదిస్తుంటే దాన్ని కట్టినవారి ఇంటికి చిల్లర కూడా చేరకపోవడమూ అంతే నిజం. బచాటా గిటారు పలుకులకైతే అలాంటి దావా వేయగల ఒక్క పేరు కూడా లేదు. అది ఎన్నో పేటల, ఎందరో చేతుల ఉమ్మడి సొమ్ము.

నేడు బచాటా నేర్పే నృత్య తరగతులు హైదరాబాద్‌లోనూ నడుస్తున్నాయి. అక్కడ ‘లా బచాటా’ లాంటి పాట పెట్టినప్పుడు నేర్చుకునేవారు స్పానిష్ మాటలను పట్టించుకోరు, కొలంబియానా డొమినికనా అని అడగరు. గురువు ఒకటి, రెండు, మూడు అని లెక్క పెడతారు. ‘ఎయా ఇ యో’ పెడితే డెంబో పాదాలను తికమక పెట్టి, కొత్తవాళ్లు లెక్క తప్పుతారు. తురీసో పాటలో అలా జరగదు. నాలుగో లెక్క దగ్గర బొంగో బరువుగా పడుతుంది, వరుసలో ఉన్న పాదాలన్నీ ఒక్కసారే నేలను తాకుతాయి.